పేర్లే తిట్లయిన వైనం

(సూర్యకాంతం స్మారకోపన్యాస పాఠం, వనస్థలిపురం)

సూర్యకాంతం అంటే ఎండ సోకితే నిప్పు పుట్టించే మణి. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టినప్పుడు అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. 1994 డిసెంబరు 18న ఆమె మద్రాసులో కన్నుమూసే నాటికి ఆ పేరుకు మరో అర్థం స్థిరపడిపోయింది. ‘వాళ్ల అత్తగారు సూర్యకాంతం’ అంటే ఆవిడ పేరు చెప్పారని తెలుగు గడ్డ మీద ఎవరూ అనుకోరు. పిల్లనిచ్చేముందు ఒకసారి ఆలోచించుకోమన్నారని అనుకుంటారు. ఆమె నటన దెబ్బకు తెలుగువాళ్లు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడమే మానేశారని ఇప్పటికీ సభల్లో చెప్పుకుంటూ ఉంటారు. వ్యాకరణం భాషలో చెబితే సంజ్ఞావాచకం కాస్తా జాతివాచకమైంది.

ఇది ఒక్క సినిమాతో జరిగింది కాదు. 1950లో వచ్చిన ‘సంసారం’ ఆమెను గయ్యాళి అత్తగా నిలబెట్టింది. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి తల్లి హిడింబిగా కనిపించారు. 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చాక ఇక వెనక్కి పోయే దారి లేకపోయింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఎస్వీ రంగారావు, సావిత్రి, జమున అంతమంది ఉన్న చిత్రానికి పేరు మాత్రం గయ్యాళిది. ఆ పేరు కూడా తెలుగుది కాదు. ‘మనె తుంబిద హెణ్ణు’ అనే కన్నడ మాతృక నుంచి వచ్చి, వచ్చినట్టే ఉండిపోయింది. అయితే ఆ సినిమాలో ఒక విశేషం ఉంది. సవతి కూతురిని పనిమనిషి చేసిన గుండమ్మ, కథ చివరికొచ్చేసరికి ఛాయాదేవి వేసిన దుర్గమ్మ నోటికి చిక్కి విలవిల్లాడుతుంది. అప్పటిదాకా గుండమ్మను తిట్టుకున్న ప్రేక్షకులే అయ్యో పాపం అంటారు. గయ్యాళికి కూడా ఇంట్లో చోటు మిగులుతుంది. తెలుగువాళ్లు మనిషి దుర్గుణానికి పేరు పెట్టే పద్ధతి అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సినిమాకు ముందు ఈ పేర్లు పంచిపెట్టే పని హరికథలు, తోలుబొమ్మలాటలు, వీధినాటకాలు, పద్యనాటకాలు చేశాయి. భారత రామాయణాలను ఒక్క పుటయినా చదవని వాళ్ల నోట కూడా వాటిలోని మనుషులు ఆడుతుంటారు. సింధుదేశపు రాజు జయద్రథుడు పద్మవ్యూహం దగ్గర పాండవులను లోపలికి పోనివ్వకుండా నిలబడ్డది ఒక్కరోజు. ఆ ఒక్కరోజు పనికి, అడ్డుపుల్ల వేసే ప్రతివాడికీ ఇప్పటిదాకా సైంధవుడనే పేరు తగులుకుంది. పెళ్లి సంబంధం కుదిరే వేళ ఏదో ఒకటి అనే పెద్దమనిషి, ఫైలు మీద సంతకం పెట్టని గుమాస్తా, ఇరుకు సందులో కారు ఆపి పోయినవాడు, అందరూ సైంధవులే.

వీటిలో ఎంత నిక్కచ్చి ఉందో చూడాలంటే శల్యుడి దగ్గర ఆగాలి. కర్ణుడికి రథం తోలడానికి ఒప్పుకున్నాడు, తోలాడు కూడా. తోలుతున్నంతసేపూ అవతలివాడు ఎంత గొప్పవాడో చెప్పి చెప్పి కర్ణుడి గుండె జారేలా చేశాడు. అలా చేస్తానని ముందే ధర్మరాజుకు మాట ఇచ్చి వచ్చాడు. శల్యసారథ్యం అన్న జాతీయం ఇందులోంచి పుట్టింది. శల్యుడి తప్పు నిరాశ కాదు, పిరికితనమూ కాదు. పక్కనే కూర్చుని, సాయం చేస్తున్నట్టే చేస్తూ, చేసేవాడి చేతులు చచ్చుబడేలా చేయడం అతని తప్పు. ఇంగ్లిషువాళ్లు ఇలాంటి మనిషిని ‘వెట్ బ్లాంకెట్’ అంటారు, తడిపిన కంబళి అన్నమాట. మంట మీద కప్పితే ఆరిపోతుంది. సరదాగా ఉన్న నలుగురి మధ్య చేరి నీళ్లు చల్లేవాడికి అది బాగానే అతుకుతుంది. కంబళికి మాత్రం దురుద్దేశం లేదు, శల్యుడికి ఉంది.

హరిశ్చంద్రుడి వెంట బాకీ కోసం కాశీ దాకా నడిచిన నక్షత్రకుడిదీ అదే తీరు. ఆ బాకీ వాడికి రావలసింది కాదు. రావలసినవాడి శిష్యుడు, వసూలుకు వచ్చినవాడు. ఈ రోజుల్లో వాయిదా ఒక్కటి తప్పితే రోజుకు పదిసార్లు ఫోను చేసే రికవరీ ఏజెంటుకు ఇంతకన్నా తగిన పేరు లేదు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కంటబడగానే రథం దిగి పరుగెత్తిన విరాటరాజు కొడుకు పేరు మీద ఉత్తరకుమార ప్రగల్భాలు నిలిచిపోయాయి. ఎన్నికల ప్రచారం మొదలైతే తెలుగు పత్రికల వాళ్లకు ఈ మాట లేకుండా పూట గడవదు. ఇక శకుని సంగతి చెప్పేదేముంది? 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’లో, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ఆ వేషం వేసిన ధూళిపాళ సీతారామశాస్త్రి ముఖమే చాలామంది కళ్లకు శకుని ముఖమైపోయింది.

ఇంగ్లిషుకూ ఈ అలవాటు లేకపోలేదు. 1843లో డికెన్స్ రాసిన క్రిస్మస్ కథలోని ముసలి వ్యాపారి స్క్రూజ్ పేరు అక్కడ పిసినారికి మారుపేరైంది. 1940లో నార్వేను ఆక్రమించిన నాజీలతో చేతులు కలిపిన క్విస్లింగ్ పేరు దేశద్రోహి అన్న అర్థంలో నిఘంటువుల్లోకి ఎక్కింది. కానీ ఇంగ్లిషులో ఇలాంటి పేర్లను చదివి తెలుసుకోవాలి. తెలుగులో అమ్మమ్మ కోప్పడుతుంటే తెలిసిపోయేవి.

‘తెలిసిపోయేవి’ అని గతంలో చెప్పడానికి కారణం వనస్థలిపురానికి ఎంతో దూరంలో లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను దిగి చైతన్యపురి వైపు నడిస్తే రెండు పక్కలా కోచింగ్ సెంటర్ల బోర్డులే. వాటి వెనక సందుల్లో హాస్టళ్లు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, ఖమ్మం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ బ్యాంకు పరీక్షలకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు చదువుతుంటారు. ఇంగ్లిషు ప్రశ్నల్లో ‘ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్’ ఒక భాగం. జాతీయం ఇస్తారు, కింద నాలుగు అర్థాలు ఇస్తారు, సరైనదానికి గుర్తు పెట్టాలి. కాబట్టి ఆ పిల్లలు తడిపిన కంబళిని, గడ్డిలో పామును, గొర్రెతోలు కప్పుకున్న తోడేలును, పశువుల గాటిలో పడుకున్న కుక్కను వరసగా బట్టీ పడతారు.

పశువుల గాటిలోని ఆ కుక్క పాత గ్రీకు నీతికథలోది. గడ్డి తాను తినదు, ఎద్దును తిననివ్వదు. తెలుగు పల్లెలో దాన్నే గడ్డివామి దగ్గర కుక్క అంటారు. గొర్రెతోలు తోడేలు ఇక్కడ మేకవన్నె పులి. ఇంకాస్త సంస్కృతం వచ్చిన వాళ్లకైతే గోముఖవ్యాఘ్రం. అంటే ఆ పిల్లలకు ఈ మనుషులు కొత్తేమీ కాదు. ఊళ్లో చిన్నప్పటి నుంచి చూసినవాళ్లే. కొత్తదల్లా వాళ్లను నాలుగు గడుల్లో ఒక గడిలో పెట్టి మార్కు తెచ్చుకోవడం. తెలుగు జాతీయం మీద ఆ పరీక్షల్లో అంత మోజు కనిపించదు. అదీ ఒకందుకు మేలే. మార్కుల కోసం నేర్చిన తిట్టు ఎవరినీ తిట్టడానికి పనికిరాదు.

ఈ బట్టీ జాబితాల్లో ‘కౌచ్ పొటాటో’ కూడా ఉంటుంది. సోఫాలో కూలబడి టీవీ చూస్తూ కదలనివాడు. ఇది ప్రాచీనమేమీ కాదు, 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు స్నేహితుల వేళాకోళంలో పుట్టింది. వాళ్లలో ఒకడైన కార్టూనిస్టు రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని బొమ్మలకెక్కించి ప్రచారం చేశాడు. 2005లో బ్రిటన్‌లో బంగాళాదుంప రైతులు వీధికెక్కారు. తమ పంటకు చెడ్డపేరు వస్తోందని, ఆ మాటను ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు నుంచి తీసేయాలని పట్టుబట్టారు. నిఘంటువు తీసేయలేదు. మన దగ్గర దున్నపోతు మీద వాన కురిసినట్టు అన్నందుకు గేదెలు పెంచేవాళ్లు ఏనాడూ ధర్నా చేయలేదు. కుంభకర్ణుడి తరఫువాళ్లు కూడా.

మనిషి గుణాల్లో తెలుగు భాష ఎక్కువ కష్టపడ్డది పిసినారితనం మీద. ఎందుకో కారణం వెతకనక్కర్లేదు, అప్పు అడిగి లేదనిపించుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి. పిల్లికి బిచ్చం పెట్టడు అంటే ఆ పిల్లి ఇంట్లో తిరిగేదే, ఒక ముద్ద వేస్తే పోయేదేం లేదు, అయినా వేయడు. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అన్నది దానికన్నా ఒక మెట్టు పైన. చెయ్యి విదిలిస్తే వేళ్ల సందునున్న మెతుకు రాలి కాకి నోట పడుతుందేమోనని భయం. అన్నం తింటున్న మనిషి, గోడ మీద కాకి, గాలిలో ఆగిపోయిన చెయ్యి, అన్నీ నాలుగు మాటల్లో కనిపిస్తాయి. పిసినారి అనే విశేషణం వినిపించకుండానే మనిషి దొరికిపోతాడు. శవాల మీద పేలాలు ఏరుకునే రకం అన్నది ఇంకా ఘోరం. అంతిమయాత్రలో దారి పొడవునా పేలాలు, చిల్లర డబ్బులు చల్లడం మన ఊళ్లలో చూస్తున్నదే. వాటిని కూడా వదలనివాడు వీడు. ఇందులో పిసినారితనం దాటి, ఎదుటివాడి కష్టంలో లాభం చూసుకునే గుణం పట్టుబడింది. అందుకే వరదల్లో సరుకుల ధర పెంచినవాణ్ణీ, ఆస్పత్రి వాకిట్లో బేరమాడినవాణ్ణీ ఈ మాటతోనే తిడతారు.

నాటకమూ సినిమా ఈ పట్టును వదల్లేదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది, బాగా పెంచి రాసిన రెండో కూర్పు 1909లో. అందులో పాత్రల పేర్లు వింటేనే వాళ్లేమిటో తెలుస్తుంది. కన్యను కొనుక్కునే లోభి ముసలివాడు లుబ్ధావధాన్లు, ముట్టుకుంటే భగ్గుమనే తండ్రి అగ్నిహోత్రావధాన్లు. కానీ జనం నోట నిలిచిపోయింది మాత్రం, పేరులో ఏ గుణమూ కనబడని గిరీశం. నాలుగు ఇంగ్లిషు ముక్కలు పలికి, సంస్కరణ కబుర్లు చెప్పి, తన పబ్బం గడుపుకునేవాడికి ఇంకో మాటే అక్కర్లేకపోయింది. గుణాన్ని పేరులోనే పెట్టి ఇచ్చినప్పుడు జాతీయం పుట్టలేదు, మనిషి చేతలు చూసి జనం తేల్చుకున్నప్పుడు పుట్టింది. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే ఘట్టం కూడా అలాంటిదే. కాకిని తోలని చేతికి అది సినిమా బంధువు.

వనస్థలిపురానికి ఈ తిట్ల విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నగరం మొదలయ్యే చోట్లలో ఇదొకటి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వాళ్లూ, కృష్ణా గుంటూరు వాళ్లూ ఆ రహదారి పట్టుకుని వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. హౌసింగ్ బోర్డు కాలనీ, ఎన్జీవోల కాలనీ, సాహెబ్‌నగర్, పనామా చౌరస్తా, ఎక్కడికెళ్లినా రెండు మూడు తెలుగులు కలిసి వినిపిస్తాయి. రైతుబజారులో బేరం కుదరక ఇద్దరు మాట మాట అనుకుంటే ఎవరిది ఏ ఊరో చెప్పేయవచ్చు. పొగడ్తలో మనుషులు పుస్తకాల తెలుగు మాట్లాడగలరు. తిట్టేటప్పుడు పుట్టిన ఊరు బయటపడుతుంది.

ఇక్కడ అపార్థాలకూ కొదవ లేదు. తెలంగాణలో లంగ అంటే మోసగాడు, అబద్ధాలకోరు. లంగ మాటలు, లంగ పనులు, లంగతనం అన్నీ ఆ కుటుంబమే. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట వింటే పరికిణీ గుర్తొస్తుంది. అవతలివాళ్లు ఎందుకంత కోపంగా పరికిణీ గురించి మాట్లాడుతున్నారో తెలియక తెల్లమొహం వేస్తారు. తిరిగి గుంటూరువాళ్లు ‘వాడికి ఎచ్చులెక్కువ’ అంటే, ఇక్కడివాళ్లకు బడాయి అని విప్పి చెప్పాలి. పిసినారి అన్నా కంజూస్ అన్నా రెండు వైపులా అర్థమవుతుంది. తోక ఊపుకుంటూ తిరిగేవాణ్ణి అటువాళ్లు తైనాతీ అంటే ఇటువాళ్లు చెంచా అంటారు. బేకార్, బద్మాష్, ఆవారా, తీస్మార్‌ఖాన్ అన్నీ ఉర్దూ ఇచ్చినవి. నిజాం కాలపు కచేరీ నుంచి గల్లీ దాకా దిగి తెలుగై కూర్చున్నాయి. వీటిలో ఖతర్నాక్ కథ వేరు. ప్రమాదకరం అన్న అర్థంతో బయల్దేరిన ఆ మాట హైదరాబాదు కుర్రాళ్ల నోట్లో పడి మెచ్చుకోలు అయింది. తిట్టు పొగడ్తగా మారడం, పొగడ్త తిట్టుగా మారడం భాషలో కొత్త కాదు. ‘పెద్దమనిషి’ అన్నప్పుడు గొంతు వినకపోతే అది ఏదో చెప్పలేం.

పోరంబోకు అన్న మాటను ఈ ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. అది అసలు తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట. శిస్తు లెక్కలకు అందని, ఎవరి పట్టాలోనూ లేని ప్రభుత్వ భూమి పోరంబోకు. ఏ లెక్కలోనూ లేని, ఏ పనీ లేని మనిషికి ఆ పేరు తగిలించిన పల్లెటూరి బుద్ధికి నమస్కారం పెట్టాలి. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా గజం ధర ఆకాశానికెక్కాక మనిషిని పోరంబోకు అంటే కోపమొస్తుంది గానీ, భూమిని పోరంబోకు అంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి. నల్లగొండ మాటలను పోగుచేసి అచ్చుకెక్కించిన రవ్వా శ్రీహరి ‘నల్లగొండ జిల్లా ప్రజల భాష’ ఈ పేటలో ప్రతి గ్రంథాలయంలో ఉండదగిన పుస్తకం. సూర్యరాయాంధ్ర నిఘంటువులో లేని మాటల కోసం ఆయన వేరే నిఘంటువే తయారుచేశారు.

జంతువుల మాటకొస్తే తెలుగు ఏ ఒక్కదాన్నీ వదల్లేదు. గోతికాడ నక్క, రంగులు మార్చే ఊసరవెల్లి, చెవిలో జోరీగ, రక్తం పీల్చే జలగ, గోడ మీద పిల్లి, తోక తొక్కిన పాము, నూతిలో కప్ప. వనస్థలిపురం పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాము వేటాడిన అడవి. 1975లో కృష్ణజింకల కోసం రక్షించి పెట్టారు. ఆ జింకలు మాత్రం తెలుగు తిట్లలో ఎక్కడా కనిపించవు. కళ్లు పొగడటానికి తప్ప భాష వాటి జోలికి పోలేదు. అడవిలో నిజాము వదలకపోయినా ఇక్కడ తప్పించుకున్నాయి.

ప్రాణం తీసే వాగుడుకాయల విషయంలో తెలుగు ఎన్నడూ తృప్తిపడలేదు. పాత మాట చాలక కొత్తది, అదీ చాలక మరొకటి. సోది అంటే ఒకప్పుడు ఎరుకలసాని చెప్పే జోస్యం. విన్నవాళ్ల సహనం మీద అది వ్యాఖ్యానమై, అంతూ పొంతూ లేని మాటలకు పేరైంది. నస, సొల్లు, జిడ్డు, బుర్ర తినడం, చెవుల్లోంచి రక్తం రావడం, బ్లేడు వేయడం అన్నీ ఒక్క బాధకు పేర్లే. వీటిలో పుట్టిన సంవత్సరంతో సహా చెప్పగలిగింది సుత్తి. 1982లో జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’లో వీరభద్రరావు, వేలు కలిసి ఈ మాటను జనం నోట్లో పెట్టారు. మేకులు దించే సుత్తి తలకాయల మీద దిగింది. ఆ ఇద్దరు నటులకూ అదే ఇంటిపేరై, సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అన్నాకే గుర్తుపట్టే దశ వచ్చింది. సూర్యకాంతం విషయంలో మనిషి పేరు గుణానికి అంటుకుంటే, వీళ్ల విషయంలో గుణం పేరు మనుషులకు అంటుకుంది. తెలుగువాడు మనిషిని చూడగానే ‘అబ్బ, సుత్తి’ అంటూ నవ్వుతూ పారిపోవడం ఆ సినిమా తర్వాతే మొదలైంది. అంతకు ముందు కూర్చుని భరించేవాడు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ జాతీయాల సంచి మొత్తం బోర్లిస్తే నవ్వలేనివి చాలా రాలుతాయి. 1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యూ. కార్ అనే సైనికాధికారి ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ పేరుతో తెలుగు సామెతలను ఇంగ్లిషు అనువాదంతో మద్రాసులో అచ్చు వేయించాడు. ఆ రోజుల పల్లె మాట అలా మిగలడానికి ఆ పని ఎంతో సాయపడింది. అందులోనే కులాల మీద, వితంతువుల మీద, కుంటి గుడ్డి చెవిటి మనుషుల మీద వేసిన సామెతలూ మిగిలాయి. ఒక మనిషి పిసినారి అయితే పిసినారి అనడం వేరు, ఒక కులంలో పుట్టినవాళ్లందరికీ ఒక దుర్గుణాన్ని అంటగట్టడం వేరు. మొదటిది చూసి చెప్పిన మాట, రెండోది చూడకుండా చెప్పిన మాట. బతికించుకోవలసిన భాషా సంపద అన్న పేరుతో రెండోదాన్ని మోయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

చట్టం కూడా ఇక్కడ జోక్యం చేసుకుంది. దళిత, గిరిజనులను కులం పేరుతో నలుగురి ముందు అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను ప్రకారం వైకల్యమున్న వ్యక్తిని ఉద్దేశపూర్వకంగా బహిరంగంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. 2024 జులైలో ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు వెండితెర మీద వికలాంగులను వెక్కిరించే భాష గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మీటింగులో అలవోకగా అనేవాళ్లు, వినే వరసలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఆడవాళ్లకు జరిగిన అన్యాయం ఇంకొక రకం. కోపం ఒకటే. ఆడదాని కోపానికి తాటకి, లంకిణి, శూర్పణఖ అని రాక్షసుల పేర్లు. మగవాడి కోపానికి దూర్వాసుడని ఋషి పేరు. చాడీలు చెప్పే ఆడది మంథర. తగవులు పెట్టే మగవాడు నారదుడు, అతనూ దేవర్షే. గట్టిగా మాట్లాడే ఇల్లాలికి గంపగయ్యాళి అని బిరుదిచ్చి, అదే గొంతుతో ఆఫీసు నడిపే మగవాణ్ణి స్ట్రిక్టు మనిషి అంటారు. సూర్యకాంతం పాత్రల దగ్గర తిట్టూ నవ్వూ కలిసి వచ్చాయి గానీ, ఆ పాత్రల్లో చాలావాటికి ఇంటి తాళాలు తప్ప వేరే అధికారం ఏదీ లేదని ఎవరూ పట్టించుకోలేదు. తెర బయట ఆమె తోటి నటులకు ఇంటి నుంచి వంటకాలు తెచ్చి పెట్టే మనిషి అని ఆమెతో పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు. పేరు మాత్రం తెర మీది గయ్యాళి పట్టుకుపోయింది.

ఇప్పుడు తరం మారింది. వనస్థలిపురం అపార్టుమెంట్లలో పిల్లలు మనుషులను తిట్టే మాటలు వేరు. ఈగో, యాటిట్యూడ్, సైకో, టాక్సిక్, నార్సిసిస్ట్. ఇవి ఇంగ్లిషు పరీక్షల కోసం నేర్చినవి కాదు, ఫోను తెర మీంచి నేరుగా వచ్చినవి. వీటితో వచ్చే చిక్కు ఏమిటంటే ఇవి మనిషిని కళ్లకు కట్టవు, రోగం పేరు రాసిన చీటీలా నుదుటికి అతికిస్తాయి. మావయ్యకు ముక్కు మీద కోపం అంటే, ఆ కోపం ఎక్కడుందో, ఎంత తొందరగా వస్తుందో, వచ్చినంత తొందరగానే పోతుందో కూడా తెలుస్తుంది. ఆ మాట విన్న అత్తయ్య ‘ఆయన ముక్కు అంత పొడుగు మరి’ అని తిరుగు సమాధానం చెప్పగలదు. మావయ్య టాక్సిక్ అంటే అక్కడితో సరి. ఎవరూ ఏమీ అనడానికి మిగలదు.

కొత్త మాటలను అంతటితో కొట్టిపారేయడం కూడా తగదు. ముక్కు మీద కోపం అని నవ్వేసి పెళ్లాన్ని కొట్టిన చేతిని కప్పిపుచ్చిన ఇళ్లు తక్కువేం కాదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం మాటలతో, మనసుతో పెట్టే హింసను కూడా హింస అంది. ఆ హింసకు పేరు పెట్టుకోవడానికి ‘ఆయన గుణమే అంత’ అన్న పాత మాట పనికిరాదు. కొత్త పిల్లలు వాడే పరుష పదం అక్కడ పనికొస్తుంది. అయితే కూరలో ఉప్పు తగ్గిందన్న అత్తగారికీ, చెయ్యి చేసుకున్న మొగుడికీ ఒకే చీటీ అంటిస్తే ఆ మాటకు ఉన్న బలం ఉత్తపుణ్యానికి పోతుంది.

పాత పద్ధతి పూర్తిగా పోయిందనుకోవడమూ తొందరపాటే. 1995 ఆగస్టులో ఎన్టీ రామారావు ప్రభుత్వం మారిన తీరు చుట్టూ సాగిన వాదాల్లో వెన్నుపోటు అన్న మాట తెలుగు రాజకీయాల్లో పాతుకుపోయింది. ఇప్పటికీ ఏ పార్టీవాడు పార్టీ మారినా అదే వినిపిస్తుంది. 2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా ఊళ్లన్నిటా నలిగింది. ఆ తర్వాత భారతం పేరు వినని పిల్లవాడు కూడా, తన పెన్సిలు దొంగతనం సంగతి టీచరుకు చెప్పిన స్నేహితుణ్ణి ‘నువ్వు కట్టప్పవిరా’ అనడం మొదలుపెట్టాడు. నిజానికి సినిమాలో కట్టప్ప లాభం కోసం పొడవలేదు, సింహాసనానికి బానిసగా శివగామి ఆజ్ఞ తీర్చాడు. జనానికి ఆ వివరం అక్కర్లేదు. వెనక నుంచి దిగిన కత్తి ఒక్కటే కావాలి. లంక గుట్టు చెప్పిన విభీషణుడు రాముడికి శరణాగతుడు, పరమభక్తుడు. అయినా ఇంటి రహస్యం బయటపెట్టినవాణ్ణి విభీషణుడనే అంటారు. కథ మొత్తం ఎటు నడిచినా తెలుగువాడు అందులోంచి తనకు కావలసిన ఒక్క వేటును విడదీసి పట్టుకుపోతాడు. ఆ వేటు వేసినవాడి పక్షాన వాదించే పని పౌరాణికులకూ, ఇప్పుడైతే సినిమా వ్యాసాలు రాసేవాళ్లకూ వదిలేస్తాడు.